పెద్ద బోర్డెక్కితే చిన్నతనమా?

బోర్డెక్కి సముద్రపు అలల మీద జారే సర్ఫింగ్ నేర్చుకుంటున్న మన నల్లగొండ వైపు కుర్రాళ్లకు ఒక పిచ్చి పట్టుకుంది. వైజాగ్‌లో మొదటి క్లాసుకు వెళితే 8 అడుగుల మెత్తటి ఫోమ్ బోర్డు చేతికిస్తారు. దాని మీద నాలుగైదుసార్లు నిలబడగానే అది తమ స్థాయికి తగదనిపిస్తుంది. తర్వాత 7 అడుగులది, ఆ తర్వాత 6 అడుగుల పైచిలుకుది, చివరికి మొన సూదిగా, అంచులు పల్చగా ఉండే 5 అడుగుల 10 అంగుళాలది. ఎంత చిన్న బోర్డెక్కితే అంత మొనగాడని లెక్క. ఇన్‌స్టాలో కనిపించేవాళ్లంతా చిన్న బోర్డుల మీదే ఉంటారాయె!

ఈ లెక్క తప్పని నా వాదన. బోర్డు పొడవుకూ ఎక్కినవాడి హోదాకూ సంబంధం లేదు. ఆ రోజు అల ఎట్లా ఉంది, దాన్ని అందుకోవడానికి కావలసిన వేగం ఎక్కడి నుంచి వస్తుంది, ఈ రెండే బోర్డును నిర్ణయిస్తాయి. మనలాగా సముద్రానికి దూరంగా బతికేవాళ్లు ఈ మాట మరీ గుర్తుపెట్టుకోవాలి.

నల్లగొండోళ్లకు అలలతో ఏం పని అని నవ్వేవాళ్లు ఎట్లాగూ ఉంటారు. నవ్వనీయండి. మాకు దగ్గరి సముద్రమంటే బాపట్ల సూర్యలంక, అదే 200 కిలోమీటర్లు దాటుతుంది. కానీ సాయంత్రం విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే తెల్లారేసరికి వైజాగ్. రుషికొండకు ఆటో మాట్లాడుకుంటే అయిపోయె. ఇంకో సంగతి: దేశం మొత్తానికి సముద్రం పరిస్థితి చెప్పే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది ఏ రేవు పట్టణంలోనో కాదు, మన హైదరాబాద్ ప్రగతి నగర్‌లో. 2007 నుంచి సునామీ హెచ్చరికలు కూడా అక్కడి నుంచే వెళ్తున్నాయి. వాళ్లు రాళ్ల గుట్టల మధ్య కూర్చుని అలల ఎత్తు చెప్పగా లేనిది, నేను నల్లగొండలో కూర్చుని బోర్డుల గురించి చెబితే తప్పేముంది?

ఆ సంస్థ ఇచ్చే అంచనాల్లో అల ఎత్తు ఒక్కటే చూసి సంచి సర్దుకునేవాళ్లు చాలామంది. ఎత్తు పక్కన సెకన్లలో ఇంకో అంకె ఉంటుంది. ఒక అల వెళ్లాక రెండో అల రావడానికి పట్టే సమయం అది. సర్ఫర్లు పీరియడ్ అంటారు. నా దృష్టిలో ఎత్తు కంటే అదే ముఖ్యం. పక్కన వీచే గాలికి అప్పటికప్పుడు లేచిన అలకు పీరియడ్ 5, 6 సెకన్లే ఉంటుంది. లోతు నీళ్లలో అది గంటకు 34 కిలోమీటర్లకు మించి కదలదు. పైన నురగ తప్ప లోపల దమ్ము ఉండదు. అదే దక్షిణార్ధగోళంలో 40, 50 డిగ్రీల అక్షాంశాల దగ్గర తుఫానులో పుట్టి, హిందూ మహాసముద్రం దాటి వేల కిలోమీటర్లు వచ్చిన అల అయితే పీరియడ్ 14 సెకన్ల దాకా ఉంటుంది. లోతులో దాని వేగం గంటకు దగ్గరదగ్గర 80 కిలోమీటర్లు. రెండూ కాగితం మీద ఒక మీటరు అలలే. ఒడ్డు దగ్గరకొచ్చాక రెండింటికీ పోలికే ఉండదు.

ఒడ్డు దగ్గర ఏం జరుగుతుందో చెప్తే బోర్డు సంగతి సగం తేలిపోతుంది. లోతు తగ్గేకొద్దీ అల నెమ్మదించి, ఎత్తు పెరిగి, తన ఎత్తుకు ఇంచుమించు ఒకటీ పావు రెట్లు లోతున్న చోటికి రాగానే విరుగుతుంది. మీటరు ఎత్తు అల విరిగేచోట దాని వేగం గంటకు 13 కిలోమీటర్లు అనుకోండి. బోర్డు మీద బోర్లా పడుకుని రెండు చేతులా తెడ్డేస్తే మామూలు మనిషికి 5, 6 కిలోమీటర్ల వేగం రావడమే గొప్ప. మిగతా 7, 8 కిలోమీటర్ల వేగం ఎక్కడి నుంచి తెస్తాం?

రెండు దారులున్నాయి. సముద్రపు అడుగు నిటారుగా లేచినచోట అల కూడా నిటారుగా లేస్తుంది. బోర్డు ఆ గోడ మీద నుంచి జారుతుంది, ఆ జారుడే వేగం. అక్కడ చేతుల కష్టం తక్కువ. అడుగు ఏటవాలుగా, చదునుగా ఉన్నచోట అల మెల్లగా నురగ కక్కుకుంటూ వస్తుంది. జారడానికి వాలు ఉండదు. వేగం చేతుల్లోంచి రావాలి, వచ్చిన వేగం నీటిలో కరిగిపోకుండా బోర్డు నిలబెట్టాలి. అది పొడవుగా, వెడల్పుగా, చదునుగా ఉండి నీటి మీద తేలే బోర్డుకే చేతనవుతుంది.

బోర్డును నున్నటి గచ్చు మీద పెట్టి పక్కకు పడుకుని చూడండి. మధ్యలో నేలకు ఆనుకుని ముక్కు పైకి లేచి ఉంటుంది. ఈ వంపును రాకర్ అంటారు. చిన్న బోర్డుకు ముక్కు కింద దాదాపు 5 అంగుళాల సందు ఉంటుంది, నా చెయ్యి నిలువుగా దూరుతుంది. ఆ వంపు ఉన్నది నిటారు అలలో ముక్కు నీళ్లలో గుచ్చుకోకుండా. కానీ అదే వంపు చదును అల మీద బ్రేకు వేస్తుంది. నీటిని కోయాల్సిన ముక్కు నీటిని తోస్తూ కూర్చుంటుంది. ఫోమ్ బోర్డును అట్లాగే పెట్టి చూస్తే సగానికి పైగా నేలకు అంటుకునే ఉంటుంది. ఎక్కినవాడు ఎంత గట్టివాడన్న లెక్క ఈ వంపులో ఎక్కడా లేదు.

మా మేనల్లుడు మిర్యాలగూడలో ఉంటాడు. మనిషి 82 కిలోలు. నిరుడు నాకు చెప్పకుండా 5 అడుగుల 10 అంగుళాల బోర్డు కొన్నాడు. అమ్మినాయన, "ఇంక ఫోమ్ బోర్డు ఎందుకు సార్, ఇది ప్రో మోడల్" అని అరచేతిలో వైకుంఠం చూపించాడట. బోర్డు వెనుక 28 లీటర్లని రాసి ఉంది. ఆ అంకె ఎందుకు రాస్తారో మావాడు అడగలేదు, ఆయన చెప్పలేదు.

"మామా, నువ్వు ఎక్కే పెద్ద దాని మీద చిన్న పోరలు నేర్చుకుంటున్రు. నాకు నిలబడుడు వచ్చింది గద," అన్నాడు.

"నిలబడాలంటే ముందుగాల అల దొరకాలె గదరా," అన్నాను.

లీటర్ల సంగతి చాలా సులువు. ఒక లీటరు జాగా తీసుకున్న వస్తువును నీరు దాదాపు కిలో బరువు దాకా మోస్తుంది. 8 అడుగుల ఫోమ్ బోర్డులో 80 లీటర్లకు పైనే ఉంటుంది. మావాడి 28 లీటర్ల బోర్డు మీద పడుకుంటే బోర్డు కనిపించదు, ఛాతీ దాకా నీళ్లలో ఉండి తెడ్డేస్తున్న మనిషే కనిపిస్తాడు. ఛాతీతో నీటిని తోసుకుంటూ వెళ్లేవాడికి వేగం ఏం వస్తుంది? ప్రపంచ పోటీల్లో దిగేవాళ్లు 25 నుంచి 30 లీటర్ల బోర్డులు వాడతారన్నది నిజమే. వాళ్లకు చిన్నప్పటి నుంచీ సముద్రంలో గట్టిపడిన భుజాలున్నాయి. నిటారుగా లేచే అలలను వెతుక్కుంటూ దేశాలు తిరిగే బతుకు వాళ్లది. మావాడికి ఉన్నది బియ్యం మిల్లులో అకౌంట్ల ఉద్యోగం, రెండు నెలలకోసారి దొరికే శని, ఆదివారాలు. రుషికొండలో ఆ రోజు నడుమెత్తు అలలు, చదునుగా. ఒక్కటీ అందుకోలేక మధ్యాహ్నానికి భుజాలు పట్టేసి, తల ప్రాణం తోకకొచ్చి ఒడ్డున కూలబడ్డాడు. వాడి పక్కనే ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి పెద్ద ఫోమ్ బోర్డు మీద అలవెంట అల ఎక్కి ఒడ్డుదాకా వస్తోంది.

పొడవొక్కటే కొలత అయితే ఇంత గొడవ లేదు. ఫిష్ అనే రకం ఒకటుంది. 1967లో శాన్ డియాగోలో స్టీవ్ లిస్ అనే కుర్రాడు మోకాళ్ల మీద కూర్చుని అలలెక్కడానికి తయారు చేసుకున్నది. పొడవు 5 అడుగుల పైచిలుకే. కానీ వెడల్పు ఎక్కువ, మందం ఎక్కువ, వంపు తక్కువ, తోక చేప తోకలా రెండుగా చీలి ఉంటుంది. పొట్టివాడికి పుట్టెడు బుద్ధులన్నట్టు, మెత్తటి అలల్లో కూడా ఇది పరిగెత్తుతుంది. మావాడు చిన్న బోర్డే కావాలని పట్టుబడితే కనీసం దీన్ని కొన్నా కొంత మేలయ్యేది. బోర్డు అడుగున చేప రెక్కల్లా ఉండే ఫిన్‌లు ఎన్ని ఉండాలనే గొడవ వేరే ఉంది. ఆస్ట్రేలియా మనిషి సైమన్ ఆండర్సన్ 1981లో మూడు ఫిన్‌ల బోర్డుతో పెద్ద పోటీలు గెలిచిన తర్వాత లోకమంతా మూడుకే మళ్లింది. అల అందుకోవడమే ఇంకా కుదరనివాళ్లు ఆ చర్చలోకి దిగడం దండగ.

ఇక హోదా విషయం. పాత హవాయిలో అన్నిటికంటే పొడవైన బోర్డును ఓలో అనేవారు. 15 అడుగులకు అటూ ఇటూ ఉండేది. దాన్ని ఎక్కే హక్కు దొరలకే, రాజవంశం వాళ్లకే. మామూలు జనం ఎక్కింది అలైయా అనే చిన్న, పల్చటి పలక. అబ్నర్ పాకీ అనే దొర వాడిన ఓలోలు హొనలూలూ బిషప్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. చిన్న బోర్డు అంటే గొప్ప అనే అభిప్రాయం 1967, 68 ప్రాంతంలో బోర్డులు ఒక్కసారిగా పొట్టివైనప్పుడు మొదలైన ఫ్యాషన్. అంతకుముందు ఏడాదే ఆస్ట్రేలియా కుర్రాడు నాట్ యంగ్ 9 అడుగులు దాటిన బోర్డు మీద ప్రపంచ టైటిల్ కొట్టాడు.

ఇంకొంచెం ముందుకు వెళితే ఈ నిచ్చెన పూర్తిగా కూలిపోతుంది. అల పెరిగేకొద్దీ బోర్డు తగ్గుతూ పోతుందనుకుంటాం. హవాయిలోని వైమియా లాంటిచోట 20, 25 అడుగుల అలలకు దిగేవాళ్లు చేతుల్లో పట్టుకునేది 9, 10 అడుగుల బోర్డు. గన్ అంటారు దాన్ని. అంత పెద్ద అల విరిగేచోట లోతు ఎక్కువ కాబట్టి దాని వేగమూ ఎక్కువ. చేతులతో దాన్ని అందుకోవాలంటే మళ్లీ పొడవే గతి. పోర్చుగల్‌లో నజారే అలలు ఇంకా పెద్దవి, అక్కడ మాత్రం చాలామంది 6 అడుగుల బోర్డుల మీద కనిపిస్తారు. ఎందుకంటే వాళ్లను జెట్ స్కీ లాక్కెళ్లి అల మీద వదులుతుంది. వేగం ఇంజన్ ఇస్తుంది, తేలడం అనవసరం. గతుకులకు ఎగిరిపడకుండా బోర్డులో సీసం కూడా పెట్టుకుంటారు! అంటే మెత్తటి చిన్న అలకు పెద్ద బోర్డు, నిటారు అలకు చిన్నది, కొండంత అలకు మళ్లీ పెద్దది, జెట్ స్కీ ఉంటే మళ్లీ చిన్నది. ఇందులో ఏది పై మెట్టు?

మన చెరువుల్లో ఈ గొడవ ఎప్పుడో తేలిపోయింది. పానగల్ ఉదయసముద్రంలోనో, ఏ ఊరి చెరువులోనో చేపలు పట్టే మనిషిని చూడండి. థర్మకోల్ దిమ్మెకు ప్లాస్టిక్ సంచి చుట్టి, తాడుతో బిగించి, దాని మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంటాడు. అరచేతికంటే కొంచెం పెద్ద చెక్కముక్కతో తోసుకుంటూ వల తీస్తాడు. పని అయ్యాక తెప్పను నెత్తిన పెట్టుకుని కట్ట ఎక్కుతాడు. నిలకడ నీటికి అది చాలు. అదే మక్తల్ దగ్గర పంచదేవ్ పహాడ్ నుంచి కురువపురం వెళ్లే భక్తులను కృష్ణ దాటించేటప్పుడు పుట్టి వేస్తారు. వెదురు బద్దల అల్లిక, కింద తారు పూసిన పట్టా, గుండ్రటి ఆకారం. నది లాగినా గిర్రున తిరుగుతుందే తప్ప తొందరగా బోల్తా పడదు, రాళ్ల మీద నుంచి జారిపోతుంది. తెప్పవాణ్ని ఎవరూ, "ఇంకా తెప్పలోనే ఉన్నావా, పుట్టికి ఎప్పుడు ఎదుగుతవ్?" అని అడగరు. నీళ్లు చూసి బండి కడతారు, అంతే.

థర్మకోల్ అంటే గుర్తొచ్చింది. ఒలింపిక్స్‌లో సర్ఫింగ్ మొదటిసారి పెట్టింది టోక్యో క్రీడల్లో, 2021 జులైలో. మగవాళ్లలో బంగారు పతకం కొట్టింది బ్రెజిల్ కుర్రాడు ఇటాలో ఫెరీరా. వాళ్ల నాన్న చేపలమ్మేవాడు. చేపలు పెట్టుకునే థర్మకోల్ డబ్బా మూత మీదే ఇటాలో అలలెక్కడం నేర్చుకున్నాడు. ఫైనల్‌లో మొదటి అలకే బోర్డు విరిగితే ఒడ్డుకొచ్చి ఇంకోటి తీసుకుని మళ్లీ దిగి గెలిచాడు. ఆ పోటీ జరిగిన త్సురిగసాకి తీరం ఇసుక అడుగున్న బీచ్, అలలు మామూలుగా చిన్నవే. 2024లో పారిస్ క్రీడల సర్ఫింగ్‌ను తహితీ దీవిలోని తెయాహుపోలో పెట్టారు. అక్కడ లోతు సముద్రం నుంచి వచ్చిన అల ఒక్కసారిగా పగడపు దిబ్బకు తగిలి గొట్టంలా చుట్టుకుంటుంది. టోక్యోలో ఆడిన బోర్డులతో అక్కడికెళితే పని జరగదు. కొన్ని అంగుళాలు పొడవైనవి, తోక సన్నబడి నీటిని గట్టిగా పట్టుకునేవి తీసుకెళ్లాలి. ఒకే ఆట, ఒకే పతకం, నీళ్లు వేరు.

పెద్ద బోర్డును గుడ్డిగా వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. దాని చెడ్డతనం నాకు బాగా తెలుసు. నిటారు అల మీద ముక్కు నీళ్లలో దిగబడి మనిషిని గిరాటేస్తుంది. ఎదురుగా నురగ గోడ వస్తే చిన్న బోర్డును నీళ్లలోకి నొక్కి దాని కింద నుంచి దూరిపోవచ్చు. 80 లీటర్లను ఎవడు నొక్కుతాడు? తిరగేసి కౌగిలించుకుని అల పైనుంచి పోనివ్వడమే. చెయ్యి జారితే అది పక్కవాడి మొహం మీదికి వెళుతుంది. అందుకే కాలికి కట్టుకునే లీష్ తాడు తెగిందో లేదో చూసుకోకుండా పెద్ద బోర్డుతో జనం మధ్యకు వెళ్లేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. మహాబలిపురం గుడి పక్కన మంచి అల లేచిన రోజున, తెడ్డు బలం ఉన్నవాడికి చిన్న బోర్డు ఇచ్చే ఆనందం పెద్దది ఇవ్వదు. అది కాదనను. ఆ రోజులు మన చేతుల్లో ఎన్ని ఉంటాయన్నదే ప్రశ్న.

మనకు దొరికే నీళ్లు ఎట్లాంటివో చూద్దాం. చలికాలం చివర నుంచి మార్చి దాకా వైజాగ్‌లో ఎక్కువ రోజులు చిన్న అలలే. ఏప్రిల్, మే నుంచి దక్షిణపు అలలు మొదలై నైరుతి రుతుపవనాల్లో జోరందుకుంటాయి. అక్టోబరు నుంచి వాయుగుండాల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఆ ఊరిని ఏం చేసిందో మరిచిపోలేదు కదా, ఆ కాలంలో హెచ్చరిక ఉంటే ఏ బోర్డూ మంచిది కాదు. ఒకే రోజులో కూడా తేడా ఉంటుంది. తెల్లవారుజామున నేల మీది నుంచి గాలి వీస్తుంటే అల అద్దంలా ఉంటుంది. ఎండ ముదిరి సముద్రపు గాలి మొదలైతే అదే అల చిత్తడి చిత్తడి. పోటు మీద ఒడ్డు దగ్గరి నిటారు ఇసుకపై విరిగి పడేది, ఆటు మీద దూరంగా ఇసుక తిన్నె దగ్గర మెల్లగా విరుగుతుంది. సముద్రం పక్కన ఉండేవాడు ఇవన్నీ చూసి, బాగున్నప్పుడు దిగుతాడు. మనం రైలు టికెట్ దొరికిన రోజు దిగుతాం. అల మన తేదీ చూసుకుని రాదు. కాబట్టి ఎక్కువ రకాల అలల్లో ఎంతో కొంత పనికొచ్చే బోర్డు కావాలి. మనల్ని బాగా తేల్చే పెద్ద బోర్డే ఆ పని చేస్తుంది.

కాలిఫోర్నియాలో లెమూర్ అనే ఊరుంది, మనలాగే పత్తి పండే ప్రాంతం. సముద్రానికి 160 కిలోమీటర్లు లోపల. పేరుమోసిన అమెరికా సర్ఫర్ కెల్లీ స్లేటర్ అక్కడ చెరువు తవ్వించి యంత్రంతో ఒకేలాంటి అల పుట్టించే ఏర్పాటు చేసి 2015లో లోకానికి చూపించాడు. నల్లగొండలో అట్లాంటిది పెడితే మా మేనల్లుడి బోర్డుకూ ఒక దారి దొరుకుతుంది. అప్పటిదాకా నా సలహా ఒక్కటే: కొత్తవాళ్లు అసలు కొనకండి, అద్దెకు తీసుకోండి. పావుగంట ఒడ్డున నిలబడి అలలు ఎక్కడ విరుగుతున్నాయో చూసి, ఆ తర్వాత షెడ్డులోకి వెళ్లి బోర్డు అడగండి. నేర్పే వాళ్లలో చాలామంది జాలరి కుటుంబాల పిల్లలే, ఆ ఒడ్డు వాళ్లకు కొట్టిన పిండి. "ఈరోజు ఏది తీసుకోమంటారన్నా?" అని అడిగితే నిజమే చెబుతారు. "చిన్నదివ్వండి" అని మనమే ముందు అంటే చిన్నదే ఇస్తారు, వాళ్ల తప్పేముంది.

కొనాల్సిందే అనుకుంటే నా ఓటు 7 అడుగుల 6 అంగుళాల నుంచి 8 అడుగుల మధ్యకు. 82 కిలోల మనిషైతే 60 లీటర్లకు తగ్గకుండా. అది రైలు బెర్తు కింద పట్టదు, కాబట్టి వైజాగ్‌లోనే ఎవరి షెడ్డులోనో నెలకింతని మాట్లాడుకుని ఉంచడం మేలు. ఇంటికే తెచ్చుకుంటారా, మన ఎండ గుర్తుపెట్టుకోండి. మే నెలలో నల్లగొండలో 44, 45 డిగ్రీలు మామూలు. రేకుల షెడ్డు కిందో, అద్దాలు ఎక్కించిన కారులోనో పెడితే లోపలి ఫోమ్‌లో గాలి ఉబ్బి పై పొర బుడగలు లేస్తుంది, ఒకసారి లేచిందంటే మళ్లీ అతకదు. ముదురు రంగు బోర్డయితే ఇంకా తొందరగా. కాలు జారకుండా బోర్డు మీద పూసిన వ్యాక్స్ కరిగి గచ్చంతా జిడ్డు, ఇంట్లో ఆడవాళ్ల చేత చీవాట్లు. తెల్లది కొనండి, కింది గదిలో గోడకు ఆనించకుండా అడ్డంగా పడుకోబెట్టండి, పాత దుప్పటి కప్పండి.